పన్ను దొరికింది, సముద్రం దొరకలేదు – గోదావరి లోయ ప్రాచీన జీవులు: 6వ భాగం

ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా దగ్గర బొగ్గు కోసం బోరు వేయించిన డాక్టర్ టి.ఎల్. బెల్ కథ దగ్గర పోయిన భాగంలో ఆగాం. బొగ్గు సంగతి అలా ఉంచితే, ఆయన లండన్‌లోని జియలాజికల్ సొసైటీకి పంపిన రాళ్లలో కొన్ని ఎముకలు కూడా ఉన్నాయి. 1852లో సొసైటీ పత్రికలో బెల్ వ్యాసం అచ్చయింది. దాని వెనకే ఒక చిన్న గమనిక పడింది. రాసింది రిచర్డ్ ఓవెన్. డైనోసార్లకు ఆ పేరు పెట్టిన మనిషే. కోటా నుంచి వచ్చినవి మొసలి జాతి ఎముకలని ఆయన రాశాడు. తర్వాతి పండితులు వాటిని టీలియోసార్ కుటుంబం కింద లెక్కవేస్తూ వచ్చారు.

చిక్కంతా అక్కడే మొదలైంది. టీలియోసార్లు యూరప్‌లో దొరికేది సముద్రం అడుగున పేరుకున్న రాళ్లలో. 1758లో ఇంగ్లండ్ తూర్పు తీరాన విట్బీ దగ్గర అలల తాకిడికి బయటపడిన పొడుగు మూతి మొసలి ఈ కుటుంబానిదే. అలాంటి జంతువు చుట్టం ప్రాణహిత ఒడ్డున తేలిందంటే, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదనా? సిరొంచ, చెన్నూరు, మంథని, ఆసిఫాబాద్ – ఈ నేలంతా ఉప్పునీటి కింద ఉండేదా? ఈ ధారావాహిక చదువుతున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. అందుకని ఈ భాగమంతా దవడలకూ పళ్లకూ కేటాయిస్తున్నాను. ఎందుకంటే ఈ వాదంలో సాక్షులు అవే.

ముందు ఊళ్ల సంగతి ఒక్క మాట. కోటా ప్రాణహితకు ఎడమ ఒడ్డున, సిరొంచకు ఎగువన ఉన్న చిన్న పల్లె. ఇప్పుడది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. నది దాటితే పాత ఆదిలాబాద్. దిగువన ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం పాత కరీంనగర్. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ ఊళ్లు కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, జయశంకర్ భూపాలపల్లి, పెద్దపల్లి పేర్ల కిందికి వెళ్లాయి. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో మాత్రం పాత జిల్లాల పేర్లే నిలిచాయి కాబట్టి ఇక్కడా వాటినే వాడుతున్నాను. రాయికి సరిహద్దు తెలియదు. కోటా పేరుతో పిలిచే సున్నపురాయి, ఎర్రమట్టి పొరలు నది రెండు వైపులా ఉన్నాయి. వాటికన్నా పాతవి మాలేరి పొరలు. వాటికి ఆ పేరు ఆసిఫాబాద్ వైపు ఉన్న మాలేరి గ్రామం నుంచి వచ్చింది. కోటా పొరల వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు, అంటే జురాసిక్ కాలం. మాలేరి పొరలు సుమారు 22 కోట్ల ఏళ్ల నాటివి, అంటే ట్రయాసిక్ కాలం.

ఇక పన్ను విషయానికొద్దాం.

చచ్చిన జంతువులో అన్నింటికన్నా ఆలస్యంగా నశించేది పన్ను. పైన ఎనామెల్ పొర ఉంటుంది. ఒంట్లో అంత గట్టి పదార్థం మరొకటి లేదు. మొసళ్లలాంటి సరీసృపాలకు పళ్లు బతుకంతా ఊడుతూ మళ్లీ మొలుస్తూనే ఉంటాయి కాబట్టి, ఒక్క జంతువు వందల పళ్లు నేలకు వదిలిపోతుంది. పుర్రె ఒక్కటే. అందుకే ఒర్రెల్లో వెతికేవాడికి ముందు దొరికేది పన్నే. అయితే విడిపన్ను ఆకారాన్ని నమ్మడం కష్టం. చేపను పట్టి మింగే జంతువు ఏదైనా సరే, దానికి సన్నగా, గుండ్రంగా, కొస తేలిన పన్నే పనికొస్తుంది. సముద్రపు ఇక్తియోసార్‌కు అదే, నది మొసలికి అదే. కొన్ని పెద్ద చేపలకూ అదే. కాబట్టి ఆరితేరినవాళ్లు పన్ను కొస కన్నా మొదలు ముందు చూస్తారు. అది దవడలో ఎలా నిలబడింది అన్నదే అసలు ప్రశ్న.

మొసలి దవడలో ప్రతి పన్నుకూ విడిగా గుంట ఉంటుంది. పందిరి గుంజలు గుంతల్లో పాతినట్టు ఒక్కొక్కటీ లోతుగా దిగి ఉంటుంది. పాత పన్ను బోలుగా ఉండి, ఆ బోలులోనే కింది నుంచి కొత్త పన్ను తోసుకొస్తుంటుంది. విరిగిన మొసలి పన్నును అడ్డంగా చూస్తే లోపల ఖాళీ కనిపించేది అందుకే. ఇక్తియోసార్ల దారి వేరు. జురాసిక్ నాటి వాటిలో చాలావాటికి విడి గుంటలుండవు. దవడ పొడుగునా ఒకటే గాడి ఉండి, అందులో పళ్లన్నీ వరసగా నిలుస్తాయి. పైగా పన్ను మొదలు దగ్గర గోడ లోపలికి ముడతలు పడి ఉంటుంది. అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే ఆ ముడతలు వరసగా కనిపిస్తాయి. పొడుగు మెడ ప్లీసియోసార్‌కు మళ్లీ గుంటలే. దాని పన్ను మాత్రం పొడవుగా, సన్నగా, కొద్దిగా వంగి, నిలువు గీతలతో ఉంటుంది. మోససార్ అయితే గుర్తుపట్టడం తేలిక. పన్ను కింద ఉబ్బెత్తు ఎముక దిమ్మె ఉండి అది దవడకు అతుక్కుపోయి ఉంటుంది. దానికి నోటి పైకప్పులో కూడా ఇంకో వరస పళ్లుంటాయి. 18వ శతాబ్దంలో హాలండ్‌లోని మాస్ట్రిక్ట్ సున్నపు గనుల్లో దొరికిన మహా దవడను కొందరు మొసలి అన్నారు, కొందరు తిమింగలం అన్నారు. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియె అది బల్లుల వైపు బంధువని తేల్చాక గొడవ సద్దుమణిగింది.

మన లోయకు మోససార్ ప్రసక్తే లేదు. అవి పుట్టింది జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ రెండో సగంలో. కోటా పొరలు అంతకన్నా చాలా ముందువి. రాయి వయసు తెలిస్తే సగం జంతువులు జాబితాలోంచి వాటంతటవే ఎగిరిపోతాయి. ఈ చిన్న పని చేయకుండా చాలామంది పన్ను పట్టుకుని బొమ్మల పుస్తకం తిరగేస్తుంటారు.

సముద్రం ఉండేదన్న వాదానికి ఒక విధంగా కోటా మొసలే బలమైన సిఫారసు అయింది. అది ఒంటరిగా రాలేదు మరి. 1851లోనే కర్నల్ సైక్స్ దక్కన్ నుంచి ఒక శిలాజ చేపను లండన్ పండితుల ముందు పెట్టాడు. దాన్ని వర్ణించిన ఎగర్టన్ పెట్టిన పేరు లెపిడోటస్ దక్కనెన్సిస్. లెపిడోటస్ జాతి చేపలకు ఒంటినిండా మెరిసే పలకల్లాంటి పొలుసులుంటాయి. నోట్లో బొత్తాల్లా గుండ్రని పళ్లుంటాయి, గుల్లలు నూరుకోవడానికి. ఈ జాతి కూడా యూరప్‌లో సముద్రపు పొరల్లో బాగా తెలిసినదే. ఆ తర్వాత కోటా సున్నపురాయిలో టెట్రాగొనోలెపిస్ చేప వచ్చింది. 1974లో సోహన్‌లాల్ జైన్ ఒక సీలకాంత్ చేపను వర్ణించి ఇండోసీలకాంతస్ అన్నాడు. చేపల జాబితా చదివినవాడికి ఉప్పునీటి వాసన రావడం సహజం. ఒడ్డు దగ్గర్లోనే ఉండేదేమో, సముద్రం అప్పుడప్పుడు లోపలికి పొంగి వచ్చేదేమో అని రాసినవాళ్లు లేకపోలేదు.

ఎదురు సాక్ష్యం చాలా చిన్న ప్రాణుల నుంచి వచ్చింది. ఆవగింజంత కూడా ఉండని ఆస్ట్రకాడ్‌లనే గుల్ల పురుగులు కోటా సున్నపురాయి నిండా ఉన్నాయి. 1975లో గోవిందన్ అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి మంచినీటివేనని ప్రకటించారు. సముద్రం నిజంగా వచ్చి ఉంటే సముద్రపు అమ్మోనైట్ గుల్ల ఒక్కటైనా మిగిలేది. గుజరాత్ కచ్ రాళ్లలో అవి కుప్పలుగా ఉన్నాయి. మన తెలుగు నేల మీదే, పశ్చిమ గోదావరి వైపు రాఘవపురం షేల్ పొరల్లోనూ ఉన్నాయి. ప్రాణహిత ఒడ్డున లేవు. చేపలూ మొసళ్లూ నీళ్లు మార్చుకోగలవు. చోటు మారే సాక్షి వాంగ్మూలం కన్నా కదలలేని సాక్షి వాంగ్మూలం ఎక్కువ నమ్మదగిందని ఏ పోలీసాయనైనా చెబుతాడు.

మొసలి మాటేమిటి మరి? దానికి జవాబు 2019 దాకా ఆగాల్సి వచ్చింది. థాయ్‌లాండ్‌లోని ఫూ నోయి అనే చోట జురాసిక్ కాలపు మంచినీటి పొరల్లో టీలియోసార్ బంధువుల పుర్రెలు, దవడలు చక్కగా దొరికాయి. వాటికి ఇండోసినోసూకస్ అని పేరు పెట్టారు. ఆ పేరు రెండో సగంలో సియాం నదిని ఇరికించారు. అంటే సముద్రపు కుటుంబంలో నదుల్లో కాపురం పెట్టిన శాఖ కూడా ఉందన్నమాట. ఓవెన్ చూసిన కోటా మొసలి కూడా అలాంటిదే అనుకోవడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. ఓవెన్ గుర్తింపు తప్పు కాదు. ఆ గుర్తింపు మీద కట్టిన సముద్రమే తొందరపాటు.

ఇదే తొందరపాటు మాలేరిలో ఇంకో రూపంలో జరిగింది. నాగపూర్‌లో ఉన్న స్కాటిష్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్‌కు రాళ్ల పిచ్చి. మాలేరి ఎర్రమట్టిలోంచి ఆయన పోగుచేసిన వాటిలో వింత పళ్లున్నాయి. విడి పళ్లు కావు. అరచేతి గీతల్లా గట్లు తేలిన మందమైన పలకలు. భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వాటిని వర్ణించి సెరటోడస్ జాతి కింద చేర్చాడు. వాటిలో ఒకదానికి హిస్లాప్ పేరే పెట్టాడు. వ్యాసం శీర్షికలో ఊరి చిరునామా 'నాగపూర్‌కు దక్షిణాన మాలేడి'. ఒక తెలంగాణ పల్లె ప్రపంచానికి నాగపూర్ శివారుగా పరిచయమైంది! దొరల దారి అటునుంచి కాబట్టి అలా జరిగింది.

అప్పటికి సెరటోడస్ అంటే పళ్లే. జంతువును చూసినవాడు లేడు. ఆ పేరు పెట్టిన అగాసి దాన్ని సొరచేపల వైపు బంధువనుకున్నాడు. సొరచేప అనగానే సముద్రం గుర్తుకొస్తుంది. హిస్లాప్ 1863లో నాగపూర్ దగ్గర వరదొచ్చిన వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఇంకో ఏడేళ్లు బతికి ఉంటే తమాషా చూసేవాడు. 1870లో సిడ్నీ మ్యూజియంలో గెరార్డ్ క్రెఫ్ట్ ముందుకు క్వీన్స్‌లాండ్ నదుల నుంచి ఒక చేప వచ్చింది. నోరు తెరిచి చూస్తే అవే గట్ల పలకలు. రాళ్లలో మాత్రమే ఉందనుకున్న జంతువు నదిలో ఈదుతోంది! ఊపిరితిత్తులతో గాలి పీల్చే మంచినీటి చేప అది. సొరచేప కాదు, సముద్రమూ కాదు. మాలేరి పళ్లకు యజమాని ఎవరో ఆస్ట్రేలియా నది చెప్పింది. మాలేరి మట్టిలోనే రెండు కొమ్ముల చిన్న పళ్లు కూడా దొరుకుతాయి. వాటి యజమాని జెనకాంత్ సొర. అదైతే నిజంగానే సొరచేప. కానీ అది కూడా మంచినీటిదే. సొర పన్ను చూసి సముద్రం అనేయకూడదన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

మాలేరి మట్టే అసలు తన సంగతి తాను చెబుతుంది. ఎర్రగా ఉంటుంది. దాని నిండా సున్నపు గడ్డలుంటాయి. వానకాలం తడిసి, ఎండాకాలం ఎండి, మళ్లీ తడిసే నేలలో అలాంటి గడ్డలు కడతాయి. కరీంనగర్, ఆదిలాబాద్ చెలకలు దున్నే రైతులకు ఇలాంటి గడ్డలు కొత్త కాదు. అది నదులు పొర్లి పారిన మైదానం. ఆ మైదానంలో గడ్డి లేదు, పూలు లేవు, పిట్టలు లేవు. కానీ వాగులున్నాయి, వాగుల్లో మాటువేసిన జంతువులున్నాయి.

అందులో మొదటి పీట పారాసూకస్‌కు వేయాలి. నా మట్టుకు నాకు మన లోయలో దవడ చదువు నేర్చుకోవడానికి దీన్ని మించిన పాఠం లేదు. మొసలిలా ఉంటుంది, మొసలి కాదు. దీని కుటుంబాన్ని ఫైటోసార్లు అంటారు. ఆ పేరే ఒక పొరపాటు. 1828లో జర్మనీలో యేగర్ అనే ఆయన ఒక దవడ చూశాడు. పళ్లు ఊడిపోయిన గుంటల్లో బురద నిండి రాయై, మొద్దు పళ్లలా కనిపించింది. ఇది ఆకులు మేసే బల్లి అనుకుని ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. నిజానికి అవి మాంసం పీక్కు తినే జంతువులు. పేరు పెట్టే నియమాల ప్రకారం ముందు పేరే నిలుస్తుంది కాబట్టి ఆ మాంసాహారి ఇప్పటికీ శాకాహారి పేరుతో తిరుగుతోంది. గుంటలో ఉన్నది పన్నా, బురదా అన్నది మొదట తేల్చుకోవాలి. పన్నయితే పైన ఎనామెల్ మెరుపు, విరిగిన చోట పొరలు, మధ్యలో బోలు ఉంటాయి. బురద అయితే చుట్టూ ఉన్న రాయి రంగే లోపలా ఉంటుంది.

మొసలినీ ఫైటోసార్‌నూ విడదీయడానికి పళ్లకన్నా ముక్కు మంచి గుర్తు. గోదావరి మీద మంచిర్యాలకూ మంథనికీ మధ్య శివారం అభయారణ్యం ఉంది. అక్కడ ఇసుక దిబ్బల మీద ఎండ కాగే మగ్గర్ మొసళ్లకు ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి. చంబల్ నది ఘరియల్‌కు అంత పొడుగు మూతి ఉన్నా, ముక్కు దాని చివరే. ఫైటోసార్‌కు మాత్రం అవి వెనక, కళ్ల ముందు ఎత్తు మీద ఉంటాయి. అంటే మూతి కొస ముక్క ఒక్కటే దొరికినా పని జరుగుతుంది. ముక్కు రంధ్రం ఉందా, మొసలి వైపు వెళ్లాలి. లేకుండా పళ్ల గుంటలు మాత్రమే వరసగా ఉన్నాయా, ఫైటోసార్ అని అనుమానించాలి.

మాలేరిలో దొరికింది సరిగ్గా అలాంటి మూతి ముక్కే. పారాసూకస్ అన్న పేరు ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ నోట ముందే నలిగింది. శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లైడెక్కర్ 1885లో దాన్ని లాంఛనంగా పారాసూకస్ హిస్లోపి అని వర్ణించాడు. ఆయన ముందు ఒక మూతి ముక్క, ఒక పుర్రె అడుగుభాగం, ఇంకా కొన్ని విడి ఎముకలు ఉన్నాయి. ఒకే చోటివి కదా అని అన్నీ ఒకే జంతువుకు కట్టబెట్టాడు. తర్వాత తెలిసిందేమంటే పుర్రె అడుగు వేరే జంతువుది. ఆ రెండో జంతువు హైపరోడపెడాన్. ఒకే మట్టిలో కలిసి పడి ఉన్నంత మాత్రాన ఎముకలు ఒక ఇంటివి కానక్కరలేదు.

ఈ హైపరోడపెడాన్ దవడ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పంది పరిమాణంలో ఉండే మొక్కల మేతరి అది. పై దవడలో పళ్లు ఒక వరస కాదు, అనేక వరసలుగా ఒక పలకలా పరుచుకుని ఉంటాయి. పలక మధ్యలో పొడుగునా ఒక గాడి. కింది దవడ అంచు కత్తిలా వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. ఇంకే జంతువుతోనూ పొరపడే అవకాశం లేదు. అందుకే బొటనవేలంత ముక్క దొరికినా చాలు. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాయిలో దొరికిన ఈ జంతువుకు 1859లో పేరు పెట్టింది హక్స్‌లీయే. పదేళ్లకు, 1869లో, అదే జంతువు మాలేరి నుంచీ వచ్చిందని రాశాడు. ఎల్గిన్ రాయి డెవోనియన్ నాటిదా, ట్రయాసిక్‌దా అని అప్పట్లో స్కాట్లండ్‌లో పెద్ద రగడ. ఈ దవడలు తూకాన్ని ట్రయాసిక్ వైపు మొగ్గించాయి. మన నేల నుంచి వెళ్లిన పలకలకు లైడెక్కర్ 1881లో హక్స్‌లీ పేరే పెట్టాడు.

పారాసూకస్ చిక్కు విప్పడానికి ఇంకో తరం, ఇంకో సంస్థ రావాల్సి వచ్చింది. 1957లో గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలుపు మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ కలకత్తా వచ్చింది. గణాంకాల సంస్థకు రాక్షసబల్లులతో పనేమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. కొలతలతో ముడిపడిన ప్రతి శాస్త్రం తన ఇంట్లో ఉండాలన్నది మహలనోబిస్ పట్టుదల. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఆ చిన్న భూగర్భ విభాగం ఆదిలాబాద్ పల్లెలనే తన బడిగా చేసుకుంది. సోహన్‌లాల్ జైన్, తపన్ రాయ్ చౌధురి, టి.ఎస్. కుట్టి, శంకర్ చటర్జీ లాంటివాళ్లు ఎండల్లో ఈ ఒర్రెలు గాలించారు. రాబిన్సన్ బృందం 1962లో కోటా జురాసిక్ జంతువుల మీద, 1964లో ట్రయాసిక్ జంతువుల మీద రాసిన వ్యాసాలతో మన లోయ మళ్లీ ప్రపంచ పటం మీదికెక్కింది. ఎర్రపల్లి, ధర్మారం, భీమారం అన్న ఊళ్ల పేర్లు రాతిపొరల పేర్లయ్యాయి. మాలేరి మట్టిలోనే దొరికిన ఇంకో జంతువుకు చటర్జీ ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టాడు. ఋణం తీర్చుకోవడంలో కూడా ఒక చమత్కారం ఉంది.

ఈ బృందానికి ఆదిలాబాద్ జిల్లా ముత్తాపురం దగ్గర రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికాయి. ముక్కలు కావు. మూతి నుంచి తోక దాకా, పక్కపక్కనే పడుకున్నట్టు దొరికాయి. దవడ ఇదీ, పుర్రె అడుగు ఇదీ, వీపు పలకలు ఇవీ అని మొదటిసారి ఒకే ఒంటి మీద చూడగలిగారు. ఇంకో బహుమానం వాటి పొట్ట ఉండాల్సిన చోట కనిపించింది. పొడుగు మెడ, సన్న ఒళ్లు ఉన్న చిన్న సరీసృపాల ఎముకలు అక్కడున్నాయి. చచ్చేముందు తిన్న తిండి. 1980లో చటర్జీ ఆ తిండికి మాలేరిసారస్ రాబిన్‌సొనే అని పేరు పెట్టాడు. ఒక జంతువు ఇంకో జంతువు కడుపులోంచి శాస్త్రంలోకి రావడం అరుదు. పన్ను ఆకారం చూసి 'ఇది చేపలు తినేది' అని రాసేవాళ్లకు ఇది చిన్న హెచ్చరిక కూడా. మూతి పొడుగే, పళ్లు సన్నమే. కడుపులో ఉన్నది మాత్రం చేప కాదు.

పేరు సంగతి తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. లైడెక్కర్ చూసిన మూతి ముక్క ఏ ఫైటోసార్‌దైనా కావచ్చు, దాని మీద జాతి పేరు నిలబెట్టలేం అని వాదన వచ్చింది. 2001లో చటర్జీ అంతర్జాతీయ జంతునామ సంఘానికి అర్జీ పెట్టాడు. ఆ ముక్క బదులు ముత్తాపురం అస్థిపంజరాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్నాడు. 2003లో సంఘం ఒప్పుకుంది. ఈ రోజు ప్రపంచంలో ఎవరైనా ఒక దవడను పారాసూకస్ హిస్లోపి అనాలంటే, ఆదిలాబాద్ పల్లెలో దొరికి కలకత్తాలో ఉన్న ఆ అస్థిపంజరంతోనే పోల్చాలి.

పెద్ద దవడలతో ఈ లోయ కథ ముగియలేదు. అసలు కోటా పొరల్లో ఇప్పటి ఉత్సాహమంతా గోరంత దవడల మీద ఉంది. రెబ్బెన వైపు పైకసిగూడెం దగ్గరి మట్టిని బస్తాలకెత్తి, నానబెట్టి, సన్న జల్లెడల్లో కడిగి, మిగిలిన నలుసులను మైక్రోస్కోపు కింద ఏరితే బియ్యపు గింజలో సగం ఉండే పళ్లు దొరికాయి. భారత భూగర్భ సర్వేకు చెందిన పి. యాదగిరి, పి.ఎం. దత్తా ఇలాంటి పళ్లలో కొన్ని మన దేశపు తొలి క్షీరదాలవని చూపారు. 1981లో దత్తా ఒకదానికి కోటాథీరియం హాల్డేని అని పేరు పెట్టాడు. రాబిన్సన్ వచ్చిన ఏడాదే లండన్ వదిలి అదే సంస్థలో చేరిన జీవశాస్త్రవేత్త హాల్డేన్‌కు ఆ గౌరవం. క్షీరదమని ఎలా చెప్పారు? పన్ను మీద బుడిపెలు చూసి, మొదలు రెండు వేళ్లుగా చీలడం చూసి. సరీసృపాల్లో అలాంటి పన్ను ఉండదు.

అదే మట్టిలోని బల్లిలాంటి జంతువుల దవడలను జమ్మూ విశ్వవిద్యాలయంలో గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, లండన్‌కు చెందిన సుసాన్ ఎవన్స్‌తో కలిసి చదివారు. 2001లో గోదావరిసారస్, రెబ్బనసారస్, 2002లో భారతగామ రెబ్బనెన్సిస్ వచ్చాయి. అన్నీ దవడ ముక్కల మీద పెట్టిన పేర్లే. ఇక్కడా ప్రశ్న అదే, పన్ను ఎలా నిలబడింది? దవడ అంచు మీద నిలువునా అతుక్కుందా, లేక లోపలి గోడకు ఆనుకుందా? అంచు మీద అతుక్కుంటే తొండలు, బల్లిలా కనిపించే టువటారాల వైపు వెళ్లాలి. భారతగామ తొండల వైపా, టువటారా వైపా అన్నది ఇంకా తెగలేదు. 1974లో కోటా నుంచి వర్ణించిన ఎగిరే సరీసృపం క్యాంపిలోగ్నాథాయిడెస్ ఇండికస్ కథ ఇంకా చిక్కు. దానికి ఆధారం ఒక దవడ తునకే. అది చేపది కావచ్చని తర్వాత 2008లో పాడియన్ రాశాడు. ఆకాశంలో ఎగిరిన జంతువు ఒక్క దెబ్బతో చెరువులో పడింది. ఇది ఎవరికీ అవమానం కాదు. దవడ తునక మోయగలిగినంత బరువే దాని మీద పెట్టాలి, అంతే.

మరి అసలైన సముద్రపు సరీసృపాలు మన దేశంలో లేవా? ఉన్నాయి, సముద్రం ఉన్నచోట. తమిళనాడు తిరుచ్చి, అరియలూరు వైపు క్రెటేషియస్ పొరల్లో దొరికిన వెన్నుపూసల మీద లైడెక్కర్ 1879లోనే ఇక్తియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. గుజరాత్ కచ్‌లో లోడాయి ఊరి దగ్గర జురాసిక్ రాయిలో దాదాపు పూర్తి ఇక్తియోసార్ దొరికింది. అది బతికున్నప్పుడు ఐదున్నర మీటర్ల దాకా ఉండేదని లెక్క. పళ్లు అరిగిన తీరును బట్టి గట్టి తిండి తినేదని 2017లో వచ్చిన వ్యాసం చెప్పింది. ఆ వ్యాసానికి మొదటి పేరు ఎవరిదనుకున్నారు? పైకసిగూడెం బల్లులను ఏరిన గుంటుపల్లి ప్రసాద్‌దే. గోరంత దవడలు చూసిన కన్నే పెద్ద దవడను కూడా చదివింది. చుట్టూ అమ్మోనైట్లతో కచ్ ఇక్తియోసార్ దొరికితే, చుట్టూ మంచినీటి గుల్లలతో మన కోటా మొసలి దొరికింది. సముద్రం ఉందా లేదా అన్న ప్రశ్నకు నా తీర్పు ఈ ఒక్క తేడా మీదే ఆధారపడింది. ప్రాణహిత లోయలో అప్పుడు ఉన్నవి నదులు, చెరువులు.

ఈ మాట ఎందుకు ఇంత పట్టి చెబుతున్నానంటే, ఆదిలాబాద్ ఒర్రెల్లో దొరికిన పన్నును 'సముద్ర రాక్షసి పన్ను' అని ఫోన్లో తిప్పితే అది నాలుగు రోజులు తిరిగి పోతుంది. తీసిన చోటు తెలియకుండా పోయిన పన్ను మళ్లీ ఎన్నటికీ పనికిరాదు.

వేమనపల్లి, కోటపల్లి, రెబ్బెన, తాండూరు, మహదేవపూర్ వైపు చదువరులకు నా మనవి ఒకటే. వానల తర్వాత ఎర్రమట్టి కోసుకుపోయిన చోట బరువుగా, మెరుపుగా, ముదురు రంగులో ఎముకలాంటిది కనిపిస్తే గడ్డపారతో తీయకండి. అంటుకున్న మట్టి కడగకండి. అందులోనే దాని వయసుకూ, అది బతికిన నీళ్లకూ ఆనవాళ్లుంటాయి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఊరు, ఒర్రె పేరు, మట్టి రంగు రాసుకోండి. హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి గానీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర శాఖకు గానీ ఆ వివరాలు పంపండి. బడి పంతుళ్లు పిల్లలను ఒకసారి హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్తే, యామన్‌పల్లి నుంచి వెళ్లిన కోటాసారస్ అక్కడ నిలబడి ఉంటుంది. 1988లో యాదగిరి పేరు పెట్టిన ఆ జంతువు కథ వచ్చే భాగంలో.